జవాబుకు ముందు పూర్వపక్షం

గ్రూపుల్లో, కామెంట్లలో జరిగే వాదనలు వరసగా చదువుకుంటూ పోతే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అవతలి మనిషి అన్నది ఒకటి, ఇవతలి మనిషి ఖండించేది ఇంకొకటి. ఒకరు "ఇంటి నుంచి పనిచేస్తే కొత్తగా చేరినవాళ్లకి పని నేర్చుకోవడం కష్టం" అని రాస్తారు. "అంటే అందరూ రోజూ ఆఫీసుకి రావాల్సిందేనంటారా?" అని జవాబు వస్తుంది. ఆయన ఆ మాట అనలేదు. అనలేదని చెప్పుకోవడానికి నాలుగు కామెంట్లు, ఆ నాలుగింట్లో ఒక పదం పట్టుకుని లాగడానికి మరొకరు. సాయంత్రానికి నలభై కామెంట్లు పోగవుతాయి. కొత్తవాళ్లు పని ఎలా నేర్చుకుంటారన్న అసలు ప్రశ్నని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

దీనికి విరుగుడు తర్కశాస్త్రంలో ఏనాడో ఉంది. ఏ భాష్యం (శాస్త్రగ్రంథానికి రాసిన వివరణ) తెరిచినా ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన, ఉంటుంది. సొంత నిర్ణయం చెప్పే సిద్ధాంతం ఆ తర్వాతే. మంచి భాష్యకారుడు పూర్వపక్షాన్ని ఎంత బలంగా రాస్తాడంటే, ఆయన ఏ పక్షాన ఉన్నాడో చదివేవాడికి కాసేపు అంతుపట్టదు. ఈ తర్కశాస్త్రానికి న్యాయశాస్త్రమనీ పేరు, దానికి మూలం గౌతముడి న్యాయసూత్రాలు. అవి వాదంలో ఓడిపోయినట్టు లెక్కగట్టే సందర్భాలు 22 చెప్పాయి. వాటిని నిగ్రహస్థానాలంటారు. అందులో ఒకదాని పేరు అననుభాషణం. ప్రతివాది మాట సభకి అర్థమై, మూడుసార్లు చెప్పాక కూడా ఆ మాటని తిరిగి చెప్పలేకపోవడం అన్నమాట. ఎదుటివాడి మాట తిరిగి చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హత లేదని ఆ నియమం భావం.

తెరమీద రాసుకునేటప్పుడు ఈ నియమం అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ గొంతు వినపడదు. 2005లో మనస్తత్వ పరిశోధకులు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు కలిసి ఒక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు వ్యంగ్యంగా, కొన్ని మామూలుగా రాసి ఈమెయిల్లో పంపమన్నారు. తమ ఉద్దేశం 78 శాతం సందర్భాల్లో అవతలివాళ్లకి అందుతుందని పంపినవాళ్లు అనుకున్నారు. అందింది 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తుంది. రాసినవాడి చెవిలో సొంత గొంతు మోగుతూ ఉంటుంది, చదివేవాడి చెవిలో ఏమీ ఉండదు. కాబట్టి ఒక కామెంట్ చదవగానే "వెటకారం చేస్తున్నాడు" అని మనసుకి తోచిందే నిజమని నమ్మి జవాబు రాయడం చాలా పెద్ద పొరపాటు.

ముందు ఇది ఏ రకం వాదనో తేల్చుకోవాలి

న్యాయశాస్త్రం చర్చని మూడుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ తమ తమ పక్షాలు పెట్టి మాట్లాడితే అది వాదం. గెలవడమే లక్ష్యంగా ఏ ఎత్తుగడకైనా సిద్ధపడితే జల్పం. సొంత పక్షం ఏదీ పెట్టకుండా ఎదుటి పక్షాన్ని కూలగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. మొండిగా మాట్లాడేవాళ్లందరినీ "వితండవాదం చేస్తున్నావ్" అనడం మనకి అలవాటైపోయింది గానీ, ఆ పదానికి ఉన్న అసలు అర్థం చాలా ఉపయోగకరమైంది, దాన్ని పోగొట్టుకోకూడదు. వితండం చేసేవాడు మొండివాడే కానక్కర్లేదు. చాలా మర్యాదగా, ప్రశ్న వెంట ప్రశ్న వేస్తూ కూడా చెయ్యొచ్చు. గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు: "మరి ఈ విషయంలో మీ అభిప్రాయం ఏంటి?" రెండుసార్లు అడిగినా సూటిగా సమాధానం రాకపోతే అది వితండమే. అక్కడ ఎంత ఆధారం పెట్టినా కూలగొట్టడానికి కొత్త ఇటుక అందించినట్టే అవుతుంది.

వాదాన్నీ జల్పాన్నీ వేరుచెయ్యడానికి వేరే ప్రశ్న కావాలి: "ఏం చూపిస్తే మీ ఆలోచన మారుతుంది?" నిజంగా తేల్చుకోవాలనుకునేవాళ్లు కాస్త ఆలోచించి ఏదో ఒకటి చెప్తారు, ఫలానా లెక్క చూపించండి అనో, ఫలానా చోట ఇలా జరిగిందని రుజువు చెయ్యండి అనో. "ఏం చూపించినా మారదు" అంటే సంగతి తేలిపోయినట్టే. ఈ ప్రశ్న అడిగేముందు మనం కూడా మనకోసం ఒక కాగితం మీద సమాధానం రాసుకోవాలి. రాయలేకపోతే జల్పంలో ఉన్నది మనమే.

ఎంతసేపు మాట్లాడాలన్నదానికి కూడా ఒక ఆనవాలు ఉంది. రెడిట్ అనే చర్చా వేదికలో 'చేంజ్ మై వ్యూ' అనే చోట జనం తమ అభిప్రాయం పెట్టి, దాన్ని మార్చమని అడుగుతారు. ఎవరి మాటతో మనసు మారిందో వాళ్లకి డెల్టా గుర్తు ఇస్తారు. ఎవరు ఎవర్ని ఒప్పించారో అలా రాతపూర్వకంగా దొరుకుతుంది. కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఆ సంభాషణల్ని పరిశీలిస్తే, ఇద్దరి మధ్య మాటామాటా నాలుగైదు విడతలు దాటాక ఒప్పించే అవకాశం బాగా పడిపోయింది. మనసు మార్చుకోవడానికి సిద్ధమని చెప్పి వచ్చిన చోటే అలా ఉంది. మామూలు గ్రూపుల్లో నేనైతే మూడు విడతలే హద్దుగా పెట్టుకోమంటాను.

మాటని విప్పడం

పూర్వపక్షం రాయడమంటే అవతలివాళ్ల వాక్యాన్ని కాపీ చేసి పెట్టడం కాదు. దాన్ని విప్పి, ఏ భాగం ఎక్కడుందో చూడడం. న్యాయశాస్త్రంలో అనుమానం అంటే సందేహం కాదు, కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడం. దానికి ఐదు అవయవాలు. "కొండ మీద నిప్పుంది" ప్రతిజ్ఞ. "ఎందుకంటే పొగ కనిపిస్తోంది" హేతువు. "పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూస్తున్నట్టు" ఉదాహరణ. "ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది" ఉపనయం. "కాబట్టి నిప్పుంది" నిగమనం. వీటిలో ప్రాణం మూడోదానిలో ఉంది. పొగకీ నిప్పుకీ ఉన్న విడదీయరాని సంబంధాన్ని చెప్పేది అదే. దాన్నే వ్యాప్తి అంటారు. ఇంగ్లండ్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో రోజువారీ వాదనల్ని విడగొట్టి చూపినప్పుడు కూడా, ఆధారానికీ నిర్ణయానికీ మధ్య సాధారణంగా నోరు విప్పని ఇలాంటి లంకె ఒకటి ఉంటుందనే చెప్పాడు.

ఫోన్లో రాసే వాదనల్లో దాదాపు ఎప్పుడూ ప్రతిజ్ఞ, హేతువు మాత్రమే కనిపిస్తాయి. వ్యాప్తి రాసినవాళ్ల మనసులోనే ఉండిపోతుంది. గొడవంతా నిజానికి అక్కడే ఉంటుంది, మనం మాత్రం ప్రతిజ్ఞ మీద పడి కొట్టుకుంటాం.

ఒక ఫార్వర్డ్ తీసుకుందాం. ఇలాంటిది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది:

"రాత్రంతా ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి పడుకోకండి. బ్యాటరీ పేలిపోతుంది. ఎన్ని వార్తలు చూడటం లేదు? కంపెనీలు ఈ విషయం దాచిపెడుతున్నాయి. అందరికీ పంపండి."

ఐదు వాక్యాలు. మొదటిది సలహా, రెండోది ప్రతిజ్ఞ, మూడోది హేతువు. నాలుగోది వేరే ఆరోపణ, దానికి ఆధారం ఏమీ లేదు. ఐదోది వాదనే కాదు. చెప్పకుండా వదిలేసిన వ్యాప్తి ఏంటి? "బ్యాటరీ నిండిపోయాక కూడా ప్లగ్గులో ఉన్నంతసేపూ కరెంటు లోపలికి వెళ్తూనే ఉంటుంది" అన్నది. ఇది బయటపెట్టగానే తప్పెక్కడుందో తెలిసిపోతుంది. ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సుమారు 4.2 నుంచి 4.4 వోల్టులకి చేరగానే లోపలి సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది.

హేతువు సంగతి కూడా చూడాలి. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉండి పేలిన ఫోన్లు ఉండొచ్చు. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉండి పేలని ఫోన్లు లెక్కలేనన్ని రోజూ తెల్లవారుతూనే ఉన్నాయి. నిరూపించాల్సింది ఉన్నచోటా, లేనిచోటా కూడా కనిపించే హేతువుని సవ్యభిచారం అంటారు. హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువుల్లో, మొదటిది అదే. ఇంటర్నెట్‌లో అత్యధికంగా కనిపించేది కూడా అదేనని నా అంచనా.

అలాగని ఆ ఫార్వర్డ్‌లో నిజమే లేదా? ఉంది. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకోవడం నిజం, వాటిని వెనక్కి తీసుకోవడం నిజం. కారణం బ్యాటరీల డిజైన్‌లో, తయారీలో లోపాలని 2017 జనవరిలో కంపెనీయే చెప్పింది. బ్యాటరీని గంటల తరబడి వేడిలో, వంద శాతం దగ్గర ఉంచితే దాని ఆయుష్షు తగ్గడమూ నిజమే. 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇప్పటి ఫోన్లలో పెట్టింది అందుకే. దిండు కింద పెడితే వేడి బయటికి పోదు, అది ప్రమాదమే.

ఇప్పుడు జవాబుల సంగతి. సాధారణంగా పడే జవాబు ఇలా ఉంటుంది: "ఏ కాలంలో ఉన్నారండీ? ఇవన్నీ పుకార్లు. కాస్త సైన్స్ చదవండి." ఇందులో మనిషిని అన్న మాటలు రెండు, విషయం మీద ఒకటి. ఆ ఒక్కటీ తప్పు. "అన్నీ పుకార్లు" అన్నారు కాబట్టి, అవతలివాళ్లు ఒక్క పాత వార్త లింకు పెడితే చాలు, ఓడిపోయినట్టే. చూస్తున్నవాళ్లకి కూడా ఫార్వర్డ్ చేసినాయనే గెలిచినట్టు కనిపిస్తుంది.

పంపింది బాబాయ్ అనుకుందాం. ఇలా రాయొచ్చు:

"బాబాయ్, బ్యాటరీలు అంటుకున్న వార్తలు నిజమే, జాగ్రత్తగా ఉండమనడం కూడా మంచిదే. నాకు తేడాగా అనిపించింది ఒక్కటే, రాత్రంతా ఉంచడం వల్లే పేలుతుందన్న మాట. నిండగానే ఫోన్లో ఉన్న సర్క్యూట్ ఛార్జింగ్ ఆపేస్తుంది. ప్రమాదం వచ్చేది బ్యాటరీలో తయారీ లోపం ఉంటే, అది నలిగినా ఉబ్బినా, లేదంటే దిండు కింద పెట్టి వేడి బయటికి పోకపోతే. అలాంటప్పుడు మధ్యాహ్నం అరగంట పెట్టినా ప్రమాదమే. నిండాక కూడా కరెంటు వెళ్తూనే ఉంటుందని ఎక్కడైనా చదివి ఉంటే ఆ లింకు పంపండి, చూస్తాను."

మొదటి వాక్యం పూర్వపక్షం. ఆయన చెప్పినదాంట్లో నిలబడేదాన్ని ఆయన కంటే స్పష్టంగా చెప్పింది. రెండోది తేడాని ఒక్క బిందువు మీదికి తెచ్చింది. మూడోది వ్యాప్తిని తాకింది. నాలుగో వాక్యం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే సరిదిద్దే జవాబుల్లో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

మనస్తత్వ పరిశోధకులు హోలిన్ జాన్సన్, కొలీన్ సీఫర్ట్ 1994లో ఒక గోదాము అగ్నిప్రమాదం కథ కొంతమంది చేత చదివించారు. అల్మరాలో ఆయిల్ పెయింట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని ముందు చెప్పి, ఆ మాట తప్పు, అల్మరా ఖాళీదేనని తర్వాత చెప్పారు. దిద్దుబాటు గుర్తున్నవాళ్లు కూడా, నల్లటి పొగ ఎందుకొచ్చింది లాంటి ప్రశ్నలు అడిగితే పెయింట్ల వల్లేనన్నట్టు మాట్లాడారు. వేరే కారణం అందించినప్పుడు మాత్రం ఆ పాత మాట పట్టు సడలింది. మనసులో ఉన్న కారణాన్ని పీకేసి అక్కడ గొయ్యి వదిలేస్తే మనిషి మళ్లీ పాతదే తెచ్చి పూడ్చుకుంటాడు. "రాత్రంతా పెట్టడం కారణం కాదు" అని ఊరుకుంటే చాలదు, "మరి పేలినవి ఎందుకు పేలాయి" అన్నదానికి జవాబు ఆ సందేశంలోనే ఉండాలి.

కంపెనీలు దాచిపెడుతున్నాయన్న వాక్యాన్ని కావాలనే వదిలేశాం. ఉద్దేశాల గురించిన మాటలు ఏ ఆధారంతోనూ తేలవు, దాన్ని ముట్టుకుంటే బ్యాటరీ సంగతి పక్కకి పోతుంది. ఆ జవాబు మొత్తం అరవై, డెబ్బై మాటలకి మించలేదు, ఫోన్ తెరమీద ఒక్క చూపులో కనిపిస్తుంది. ఇంకో విషయం. నలుగురి ముందు, అందునా చిన్నవాళ్ల ముందు పెద్దవాళ్లని సరిదిద్దితే వాళ్లు మాటని కాదు, మొహాన్ని కాపాడుకోవడానికి వాదిస్తారు. ముందు విడిగా పంపండి. వాళ్లే గ్రూపులో "అది పూర్తిగా నిజం కాదట" అని రాసే అవకాశం ఇవ్వండి. ఎవరైనా ఇప్పుడే నమ్మి హాని పొందే విషయమైతే మాత్రం, మందుల సంగతి లాంటిదైతే, ఆగకుండా అక్కడే చెప్పాలి.

ఛలం

వక్త అన్న మాటకి అతను ఉద్దేశించని అర్థం అంటగట్టి కొట్టడం ఛలం. శాస్త్రంలో మూడు రకాలు చెప్పారు. "ఇతను నవకంబలుడు" అంటే కొత్త కంబళి ఉన్నవాడని. 'నవ' అంటే తొమ్మిది అని కూడా అర్థం. "తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయి, ఒక్కటే కదా?" అనడం వాక్ఛలం. ఎక్కువ సందర్భాల్లో జరిగేదని చెప్పిన మాటని ప్రతి ఒక్కరికీ అంటగట్టి, ఒక్క మినహాయింపు చూపించి కూలగొట్టడం సామాన్యఛలం. "మంచెలు అరుస్తున్నాయి" అంటే మంచెల మీద మనుషులు అరుస్తున్నారని అందరికీ తెలుసు. "చెక్క ఎలా అరుస్తుంది?" అనడం ఉపచారఛలం. తెరమీద ఎక్కువ పని చేసేది రెండోది. "కొత్తవాళ్లకి కష్టం" అంటే "మా తమ్ముడు హాయిగా నేర్చుకున్నాడే" అని వస్తుంది.

ఛలం ఎదురైతే వెంటపడి వాదించకూడదు. "నేను ఆ మాట ఈ అర్థంలో వాడాను" అని ఒక్క వాక్యం రాసి, మొదటి విషయానికి వచ్చెయ్యాలి. దానికంటే మేలు, రాసేటప్పుడే పరిమాణం చెప్పడం. 'కొందరు', 'చాలావరకు', 'మొదటి ఆరు నెలల్లో', 'నాకు తెలిసినంతలో'. ఇలా రాస్తే మాట బలహీనపడుతుందని భయపడతారు. ఇందాక చెప్పిన 2016 పరిశీలనలో దీనికి తిరగబడ్డ ఫలితం వచ్చింది. ఒప్పించగలిగిన జవాబుల్లో ఇలాంటి ఆచితూచి రాసిన మాటలు ఎక్కువగా కనిపించాయి. ఇంకొకటి కూడా తేలింది: అసలు పోస్టులో లేని కొత్త మాటలతో వచ్చిన జవాబులు మెరుగ్గా ఒప్పించాయి. అవతలివాళ్ల మాటల్నే తిప్పి తిప్పి కొట్టే జవాబు కొత్తగా ఏమీ తీసుకురాదు కదా.

నిగ్రహస్థానాల్లో ఇంకో రెండింటిని ఇక్కడే చెప్పుకోవాలి. మీద పడ్డ ఆక్షేపణకి సమాధానం చెప్పకుండా "మీ పక్షంలోనూ అదే తప్పుంది కదా" అనడం మతానుజ్ఞ. అలా అన్నవాడు తన తప్పు ఒప్పుకున్నట్టేనని శాస్త్రం లెక్కగట్టింది. "మరి అప్పుడు మీరెక్కడున్నారు?" అన్న జవాబులన్నీ ఈ గంపలోకే వస్తాయి. రెండోది అధికం: ఒక హేతువు చాలినచోట ఇంకా ఇంకా హేతువులు పేర్చడం. ఇది కూడా ఓటమేనంటే మొదట వింతగా ఉంటుంది. నాలుగు బలమైన కారణాల పక్కన ఒక బలహీనమైన కారణం పెట్టి చూడండి, వచ్చే జవాబులన్నీ ఆ ఐదోదాని మీదే ఉంటాయి.

అదే పనిగా పది ఆరోపణలు ఒకేసారి కుమ్మరించేవాళ్లు ఉంటారు. ఒక్కోటీ రాయడానికి పది సెకన్లు, తప్పని చూపడానికి గంట. ఇటలీ ప్రోగ్రామర్ అల్బెర్టో బ్రాండొలీని 2013లో చెప్పిన సూత్రం ఇదే: అబద్ధాన్ని పుట్టించడానికి పట్టే శ్రమకంటే దాన్ని ఖండించడానికి పట్టే శ్రమ ఎన్నో రెట్లు ఎక్కువ. పదింటికీ జవాబు రాయకండి. మిగతావి దేనిమీద ఆనుకున్నాయో ఆ ఒక్కదాన్ని, తేలిగ్గా సరిచూడగలిగేదాన్ని ఎంచుకోండి. ఎందుకు అదే ఎంచుకున్నారో ఒక వాక్యంలో చెప్పండి. "మీరు చెప్పినవాటిలో మిగతావన్నీ ఈ మూడో అంశం నిజమైతేనే నిలబడతాయి, అందుకే ముందు దాన్నే చూద్దాం." చెప్పకపోతే తొమ్మిదింటికి జవాబు లేక తప్పించుకున్నారని అంటారు.

రెట్టింపైందంటే ఎంతైంది

1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వచ్చింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు, అంటే వంద శాతం ఎక్కువ అని. చాలామంది భయపడి మాత్రలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. అసలు లెక్క ఏంటంటే, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తోంది. "వంద శాతం" అన్నదీ నిజమే, "ఏడు వేలలో ఇంకొక్కరు" అన్నదీ నిజమే. మొదటిది మాత్రమే చెప్పడం వల్ల అంత నష్టం జరిగింది.

శాతం కనిపించగానే మూడు అడగాలి. దేనితో పోలిస్తే? మొత్తం ఎంతమందిలో? ఎంత కాలంలో? ఈ మూడూ లేని శాతంతో ఎవరూ వాదించకూడదు, అది మన పక్షానికి పనికొచ్చేదైనా సరే.

వాదించే ముందు వెతకడం

చాలా గొడవలకి వాదన అవసరమే లేదు, రెండు నిమిషాలు వెతికితే తేలిపోతాయి. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో 45 మంది ఇంటర్నెట్‌లో సమాచారాన్ని ఎలా తూకం వేస్తారో దగ్గరుండి చూశారు. వాళ్లలో 10 మంది చరిత్ర ఆచార్యులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజానిజాలు సరిచూసేవాళ్లు), 25 మంది విద్యార్థులు. ఆచార్యులు, విద్యార్థులు వచ్చిన పేజీనే పైనుంచి కిందికి చదువుతూ, దాని అందం, లోగో, 'మా గురించి' చూసి తరచూ మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు. పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. పేజీ తన గురించి తాను చెప్పుకునేది చివరికి చూడాల్సింది.

ఫొటో అయితే దానిమీద రాసిన అక్షరాలు, చుట్టూ ఉన్న అంచులు కత్తిరించి, బొమ్మతో వెతికే సదుపాయంలో పెట్టాలి. కత్తిరించకపోతే అదే ఫార్వర్డ్ కాపీలే వందల్లో వస్తాయి. వచ్చినవాటిలో అన్నిటికంటే పాత తేదీ ఉన్నదాన్ని పట్టుకోవాలి. వీడియో అయితే వేర్వేరు చోట్ల మూడు స్క్రీన్‌షాట్లు తీసి, ఒక్కోటీ విడిగా వెతకాలి. బోర్డులు, వాహనాల నంబరు ప్లేట్లు, భవనాలు కనిపించే చోట ఆపాలి. ఏమీ దొరకకపోతే ఫొటో నిజమైనదని అర్థం కాదు. ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదని మాత్రమే అర్థం. తిరగేసిన బొమ్మ, కొత్తగా పుట్టించిన బొమ్మ ఈ వెతుకులాటకి దొరక్కపోవచ్చు. ఎవరో ప్రముఖుడు అన్నాడని చెప్పే మాట అయితే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి, ఆ మాటకి ముందు వెనక ఏమన్నాడో చదవాలి.

వాట్సాప్‌లో సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది మొదట పంపినవాళ్ల నుంచి కనీసం ఐదు చేతులు మారి వచ్చిందన్నమాట. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. ఆ గుర్తు కనిపిస్తే "నాకు పంపినవాళ్లు మంచివాళ్లు" అన్న నమ్మకానికి విలువ లేదు, వాళ్లకి కూడా ఇది ఎక్కడ పుట్టిందో తెలియదు.

2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 వార్తల్ని ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అబద్ధపు వార్తని రీట్వీట్ చేసే అవకాశం నిజమైనదానికంటే 70 శాతం ఎక్కువ. ఈ తేడాకి కారణం బాట్లు (తమంతట తామే ట్వీట్లు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా ఉన్నదాన్ని పంచుకోవాలనే తొందరే అబద్ధానికి కాళ్లు. చదవగానే "అబ్బ, ఇది అందరికీ తెలియాలి" అనిపించిన క్షణంలోనే ఆగాలి.

దిద్దుబాటు

సరిదిద్దితే జనం ఇంకా గట్టిగా తప్పునే పట్టుకుంటారని ఒక భయం వ్యాపించింది. దానికి మూలం 2010లో వచ్చిన ఒక అధ్యయనం. తర్వాత థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ పదివేల మందికి పైగా జనంతో 52 అంశాల మీద పరీక్షిస్తే అలా ఎదురుతిరగడం దాదాపు కనిపించలేదు. కాబట్టి సరిదిద్దండి. నిజాన్ని ముందు పెట్టి, తప్పుని ఒక్కసారే ప్రస్తావించి, అది ఎందుకు తప్పో చెప్పి, మళ్లీ నిజంతో ముగించండి. ఒకే వాక్యాన్ని పదేపదే వింటే అది నిజంలా అనిపించడం మొదలవుతుందని 1977 నుంచి ప్రయోగాల్లో కనిపిస్తూనే ఉంది. "రాత్రి ఛార్జింగ్ పెడితే ఫోన్ పేలుతుందా?" అని పెద్ద అక్షరాల్లో శీర్షిక పెట్టి కింద కాదని రాసేవాళ్లు తెలియకుండానే ఆ వాక్యానికి ప్రచారం చేస్తున్నారు.

మన మాటే తప్పని తేలితే కామెంట్ తీసెయ్యకండి. తీసేస్తే కింద ఉన్న జవాబులకి అర్థం పోతుంది, చదివి వెళ్లిపోయినవాళ్లకి సంగతి తెలియదు. అదే కామెంట్ చివర "పైన 50 శాతం అని రాశాను, తప్పు, 15 శాతం" అని చేర్చండి. ఎవరు చూపించారో వాళ్ల పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి. సంజాయిషీ అక్కర్లేదు. "నా ఉద్దేశం అది కాదు" అంటూ మాట మార్చడం ప్రతిజ్ఞాంతరం, అదీ నిగ్రహస్థానమే.

మూడు విడతలు అయ్యాక తేలకపోతే ఆఖరి సందేశం ఒకటి రాయాలి. అందులో మూడు సంగతులుంటే చాలు: ఇద్దరం ఒప్పుకున్నది ఏది, తేడా ఎక్కడుంది, ఏ సమాచారం దొరికితే ఆ తేడా తేలుతుంది. "కొత్తవాళ్లకి మొదట్లో పక్కన ఎవరో ఉండాలన్నది ఇద్దరం ఒప్పుకున్నాం. అది ఆఫీసులోనే కుదురుతుందని మీరు, వీడియోలోనూ కుదురుతుందని నేను. రెండు రకాలుగా చేరినవాళ్లు ఏడాది తర్వాత ఎలా ఉన్నారన్న లెక్క దొరికితే తేలుతుంది." ఆరు నెలల తర్వాత ఎవరో వెతుక్కుంటూ అక్కడికి వస్తే, నలభై కామెంట్లలో వాళ్లకి పనికొచ్చేది ఇదే. ఆ తర్వాత నోటిఫికేషన్లు ఆపెయ్యండి. మర్నాడు ఒక్కసారి తెరిచి, మనం అడిగిన లింకు వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే జవాబు సంగతి పక్కనపెట్టి, ముందు దాన్ని చివరిదాకా చదవండి.